బొగ్గు అయిపోయాక మిగిలే గొయ్యి ఎవరిది?

కడప జిల్లా యర్రగుంట్ల మండలం కలమల్ల పేరు వినగానే భాషాభిమానులకు సుమారు క్రీ.శ. 575 నాటి తొలి తెలుగు శాసనం గుర్తుకు వస్తుంది. తక్కినవారికి గుర్తుకు వచ్చేది రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం. 210 మెగావాట్ల యూనిట్లు అయిదు, 600 మెగావాట్లది ఒకటి కలిపి 1,650 మెగావాట్ల సామర్థ్యం ఉన్న ఈ కేంద్రంలో మండే బొగ్గులో ఒక్క పెళ్ల కూడా సీమ నేలది కాదు. సింగరేణి గనుల నుంచో, ఒడిశాలోని తాల్చేరు నుంచో అది గూడ్సు బండ్లలో వస్తుంది. పొగగొట్టం, బూడిద చెరువు మన కళ్లెదుట ఉన్నాయి కనుక వాటి మంచిచెడ్డలు మనం మాట్లాడుకుంటాం. ఆ బొగ్గు తవ్విన ఊళ్లలో, బొగ్గు అయిపోయిన తరువాత ఏమి మిగులుతుందన్న సంగతి ఇక్కడ చర్చకు రావడం అరుదు.

ఇప్పుడు ఆ చర్చ అవసరమైంది. బొగ్గు గనుల ప్రణాళిక, మూసివేతలపై కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ 2025లో కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. మూసివేతలో స్థానికుల భాగస్వామ్యం కోసం అదే ఏడాది జులైలో 'రిక్లెయిమ్' పేరుతో మరొక విధానాన్ని ప్రకటించింది. అంతకు ముందే, 2025 ఫిబ్రవరి 20న, ముగ్గురాయి అని మనం పిలుచుకునే బెరైటీస్‌ను కేంద్రం చిన్న తరహా ఖనిజాల జాబితా నుంచి తప్పించి ప్రధాన ఖనిజాల్లో చేర్చింది. మొదటి రెండూ బొగ్గు ప్రాంతాలవి, మూడవది మన బెరైటీస్ గని ఉన్న మంగంపేటది. అయినా మూడింటి వెనుకా ఉన్న ప్రశ్న ఒక్కటే: తవ్విన నేలను ఎవరు, ఎవరి డబ్బుతో, ఏ స్థితికి తీసుకురావాలి?

కడప రాళ్లలో బొగ్గు ఎందుకు లేదు

బొగ్గు అంటే చిత్తడి అడవుల్లో కూలిన చెట్లు బురద కింద పూడిపోయి, కోట్ల సంవత్సరాల ఒత్తిడికీ వేడికీ గట్టిపడిన పొర. గోదావరి లోయలోని బొగ్గుకు 25 కోట్ల ఏళ్లకు పైబడిన వయసు ఉంది. కడప శిలల్లో అధిక భాగం 100 కోట్ల ఏళ్లు దాటినవి. అప్పటికి నేల మీద చెట్టూ చేమా పుట్టనే లేదు కనుక, ఇక్కడ ఎంత లోతుకు వెళ్లినా సున్నపురాయి, నాపరాయి, పలకరాయి వంటివే కనిపిస్తాయి గానీ బొగ్గు పొర తగలదు. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిన భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్, కడప, కర్నూలు శిలా సముదాయాల మీద 1872లో వెలువడిన సమగ్ర వివరణను రాసినవాడు కూడా. సింగరేణి తవ్వకాలు 1889లో ఇల్లెందులో మొదలయ్యాయి. ఒకే మనిషి కొలిచిన రెండు నేలల్లో ఒకటి మరొకదానికి కరెంటు ఇస్తోంది.

తవ్వకం మొదలైన నాటి నుంచి నేలకూ నీటికీ జరిగేది

బొగ్గును రెండు పద్ధతుల్లో తీస్తారు. భూగర్భ గనిలో సొరంగాలు తవ్వి, పైకప్పును మోయడానికి బొగ్గు స్తంభాలు వదిలి, మిగిలినది బయటికి తెస్తారు. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు మీదున్న మట్టినీ రాతినీ మొత్తంగా ఎత్తివేస్తారు. ఇలా ఎత్తిపోసిన దాన్నే ఓవర్‌బర్డెన్ అంటారు. సింగరేణి ప్రాంతంలో దాన్ని ఓబీ అనీ, పోసిన కుప్పలను ఓబీ గుట్టలనీ పిలుస్తారు. దేశంలో ఉత్పత్తి అయ్యే బొగ్గులో 90 శాతానికి పైగా ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గనులదే కాబట్టి, మూసివేత సమస్య కూడా ప్రధానంగా వాటిదే.

అన్నిటికన్నా ముందు దెబ్బతినేది నేల పైపొర. అడుగులోపు మందం ఉండే ఆ మట్టిలోనే గింజలు, వానపాములు, వేళ్లకు అండగా నిలిచే శిలీంధ్రాలు ఉంటాయి. దాన్ని విడిగా తీసి, తక్కువ ఎత్తు కుప్పలుగా పోసి, వీలైనంత త్వరగా తిరిగి పరిస్తే ఆ జీవం నిలుస్తుంది. ఎత్తైన కుప్పలో ఏళ్ల తరబడి వదిలేస్తే గాలి ఆడక లోపలి మట్టి చచ్చిపోతుంది, రాతిపొడితో కలిపేస్తే అసలే పనికిరాదు. గని ముగిశాక ఆ నేల మీద గడ్డి మొలుస్తుందా లేదా అన్నది చాలావరకు తవ్వకపు మొదటి నెలల్లోనే తేలిపోతుందని దీని అర్థం.

నీటి సంగతి ఇంకా చిక్కైనది. గని నడిచినంత కాలం అడుగున ఊరే నీటిని పంపులతో తోడిపోస్తూనే ఉండాలి. దానివల్ల చుట్టుపక్కల బావుల్లో మట్టం పడిపోతుంది. గని మూసి పంపులు ఆపగానే నీరు తిరిగి పైకి వస్తుంది, కానీ వెనుకటి దారిలోనే వస్తుందన్న హామీ లేదు. పగిలిన రాతి పొరల గుండా, పాత సొరంగాల గుండా అది కొత్త దారులు వెతుక్కుంటుంది. పాత గనిలో నిలిచిన నీటి పటాలు సరిగ్గా లేకపోతే ఎంత నష్టమో 1975 డిసెంబరు 27న చస్నాలాలో తెలిసింది. నాటి బీహారులోని ఆ గనిలోకి ఒక్కసారిగా నీరు విరుచుకుపడి 370 మందికి పైగా కార్మికులు చనిపోయారు.

బొగ్గులోనూ చుట్టుపక్కల రాతిలోనూ పైరైట్ అనే గంధక ఖనిజం ఉంటే, గాలీ నీరూ తగిలి అది సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం రాతిలోని లోహాలను కరిగించి వాగుల్లోకి చేరవేస్తుంది. గోదావరి, దామోదర్ లోయల బొగ్గులో గంధకం సాధారణంగా ఒక శాతం లోపే కనుక అక్కడ ఈ ముప్పు తక్కువ. మేఘాలయ బొగ్గులో గంధకం ఎక్కువ, అందుకే జైంతియా కొండల నీళ్లలో ఆమ్లత్వం అంత తీవ్రంగా ఉంది. ఏ గని నీరు ఎంత చెడుతుందో ముందుగా రాతిని పరీక్షించి చెప్పవచ్చు. అన్ని గనులనూ ఒకే గాటన కట్టి మాట్లాడేవారు ఈ తేడాను విస్మరిస్తున్నారు.

గాలి తగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. జార్ఖండ్‌లోని ఝరియాలో 1916 నుంచి నేల అడుగున మంటలు ఉన్నాయి. భూగర్భ గనుల్లో వదిలిన స్తంభాలు కుంగితే పైనున్న పొలమూ ఇల్లూ కుంగుతాయి. ఖాళీ అయిన చోట ఇసుక నింపడం దీనికి పాత విరుగుడు. ఇసుకకే కరువొచ్చిన ఈ రోజుల్లో అది కూడా తేలిక కాదు.

ఒక లెక్క: మట్టి సరిపోతుంది, అయినా గొయ్యి మిగులుతుంది

గని మూసేటప్పుడు అంత పెద్ద గొయ్యి ఎందుకు మిగులుతుందన్న ప్రశ్నకు ఎక్కువమంది చెప్పే జవాబు, బొగ్గు వెళ్లిపోయింది కనుక అంతమేర ఖాళీ ఉంటుందని. అది నిజం కాదు. ఒక ఊహా గనిని తీసుకుని లెక్కిద్దాం.

గని విస్తీర్ణం 500 హెక్టార్లు, ఆయుష్షు 25 ఏళ్లు, తీసే బొగ్గు 4 కోట్ల టన్నులు అనుకుందాం. టన్ను బొగ్గుకు 5 ఘనపు మీటర్ల చొప్పున ఓబీ తీయాలంటే మొత్తం 20 కోట్ల ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు టన్నున్నర చొప్పున బొగ్గు ఆక్రమించిన చోటు 2.67 కోట్ల ఘనపు మీటర్లు. రెండూ కలిపితే గొయ్యి 22.67 కోట్ల ఘనపు మీటర్లు. పగలగొట్టిన రాయి వదులై నాలుగో వంతు ఉబ్బుతుందనుకుంటే 20 కోట్ల ఓబీ 25 కోట్లు అవుతుంది. అంటే తవ్విన మట్టి గొయ్యికి సరిపోగా ఇంకా మిగలాలి.

కానీ తవ్వకం మొదలైన ఏళ్లలో గొయ్యి లోపల పోసేందుకు చోటే ఉండదు కాబట్టి ఆ మట్టినంతా బయట గుట్టలుగా పోస్తారు. 65 శాతం ఓబీని మాత్రమే తరువాతి దశల్లో లోపల పోశారనుకుంటే, గొయ్యిలో 16.25 కోట్ల ఘనపు మీటర్లు పడుతుంది. ఖాళీగా మిగిలేది 6.42 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 2.27 టీఎంసీలు, దాదాపు 10 టీఎంసీల మైలవరం జలాశయంలో నాలుగో వంతుకు కాస్త తక్కువ. బయట మిగిలిన 8.75 కోట్ల ఘనపు మీటర్ల ఓబీ సగటున 40 మీటర్ల మందాన పరచుకుంటే సుమారు 540 ఎకరాలు ఆక్రమిస్తుంది.

ఆ గుట్టను తిరిగి ఎత్తి గొయ్యిలో పోయవచ్చు. ఘనపు మీటరుకు 100 రూపాయలు ఖర్చవుతుందని అనుకుంటే, గొయ్యి నింపడానికే 642 కోట్ల రూపాయలు కావాలి. గొయ్యి మిగిలిపోవడానికి అసలు కారణం ఈ ఖర్చే.

చట్టంలో మూసివేత, దాని కోసం దాచే డబ్బు

మూసివేత ప్రణాళికలు రెండు రకాలు. తవ్వకం సాగుతుండగానే అయిపోయిన భాగాన్ని పూడుస్తూ, చదును చేస్తూ, మొక్కలు పెంచుతూ పోవడం దశలవారీ మూసివేత. చివరిలో యంత్రాలు, కట్టడాలు తొలగించి, దారులు మూసి, నేలను భద్రమైన స్థితిలో అప్పగించడం తుది మూసివేత. బొగ్గు గనుల కోసం 2009లో వచ్చి 2013లో సవరించిన మార్గదర్శకాలు ఈ రెండింటినీ తప్పనిసరి చేశాయి. కంపెనీ మునిగిపోయినా, యజమాని మారినా పని ఆగకూడదన్న ఉద్దేశంతో ఎస్క్రో ఖాతా అనే ఏర్పాటు చేశాయి. ఇది కంపెనీ సొంతంగా వాడుకోలేని బ్యాంకు ఖాతా. ప్రభుత్వం తరఫున బొగ్గు నియంత్రణాధికారి అనుమతి ఉంటేనే అందులోని డబ్బు బయటికి వస్తుంది.

2009 ఆగస్టు ధరల ప్రకారం ఓపెన్‌కాస్ట్ గనికి హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి 1 లక్ష చొప్పున జమ చేయాలన్నారు. ఆ మొత్తాన్ని గని ఆయుష్షుకు పంచి, ఏటా 5 శాతం చొప్పున పెంచుతూ కట్టాలి. మన 500 హెక్టార్ల ఊహా గనికి ఇది 30 కోట్లు. మొదటి ఏడాది వాటా 1.2 కోట్లు, 25వ ఏటికి అది సుమారు 3.87 కోట్లకు చేరి, మొత్తం జమ 57 కోట్ల దాకా వస్తుంది. ఇందులోనూ దశలవారీ పనులు చేసి చూపిస్తే అయిదేళ్లకోసారి 80 శాతం వరకు వెనక్కి తీసుకోవచ్చని 2013 మార్గదర్శకాలు చెప్పాయి.

ఈ 57 కోట్లను పైన వచ్చిన 642 కోట్ల పక్కన పెట్టి చూడాలి. గుట్టల వాలు సరిచేయడానికీ, కాలువలు తీయడానికీ, మొక్కలకూ ఆ డబ్బు సరిపోవచ్చు. గొయ్యి నింపడానికి సరిపోదు. నిబంధన రాసినవారు దాన్ని ఉద్దేశించలేదు కూడా. నా దృష్టిలో మూసివేతపై జరిగే వాదోపవాదాల్లో సగం గందరగోళానికి మూలం ఇక్కడ ఉంది: ఊరివాళ్లు పునరుద్ధరణ అంటే పాత నేల తిరిగి వస్తుందనుకుంటారు, కాగితం మీద పునరుద్ధరణ అంటే ప్రమాదం లేని, పచ్చదనం కప్పిన నేల. హెక్టారు ధరలను తరువాత పెంచిన మాట నిజమే గానీ, ఈ రెండు అర్థాల మధ్య దూరం ఆ పెంపుతో పోయేది కాదు.

మరి నింపే ఖర్చును ముందే బొగ్గు ధరలో కలిపితే? 642 కోట్లను 4 కోట్ల టన్నులకు పంచితే టన్నుకు సుమారు 160 రూపాయలు. యూనిట్ కరెంటుకు 700 గ్రాముల బొగ్గు చొప్పున, వాడకందారు మీద పడేది 11 పైసలు. అది తక్కువేనని పర్యావరణవాదులంటారు. ఏటా వేల కోట్ల యూనిట్లు వాడే రాష్ట్రానికి, నష్టాల్లో ఉన్న డిస్కంలకు అది తక్కువ కాదని విద్యుత్ రంగంలోని వారంటారు. రెండూ ఒకే అంకెను చూసి చెబుతున్న మాటలే.

పూడ్చడం మేలా, నీళ్లకు వదలడం మేలా

గొయ్యిని చెరువుగా వదలాలన్న వాదనకు బలమైన ఉదాహరణలు ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బిష్రాంపూర్‌లో పాత ఓపెన్‌కాస్ట్ గొయ్యి కేనాపారా పేరుతో పడవలు తిరిగే, చేపలు పెంచే జలాశయమైంది. జర్మనీలోని లౌసిట్జ్ ప్రాంతంలో లిగ్నైట్ అనే గోధుమరంగు బొగ్గు గోతులను నదుల నీటితో నింపి సరస్సుల వరుసనే తయారు చేశారు. వానలు బాగా పడే గోదావరి తీరంలో ఇది సాధ్యమే.

ఈ వాదనకు ఎదురుగా నిలిచేవి లోతు, అంచు. సహజమైన చెరువుకు పల్లపు గట్టు ఉంటుంది, పశువు దిగి నీళ్లు తాగి బయటికి రాగలదు. గని గొయ్యి మెట్లుమెట్లుగా నిటారుగా దిగుతుంది. అంచులు కోసి వాలు తగ్గించకపోతే అది పశువులకూ పిల్లలకూ మృత్యుకూపమే. లోతైన నీటి అడుగున గాలి చేరదు, లోహాలు పేరుకోవచ్చు. నీటిని కొన్నేళ్లు వరుసగా పరీక్షించకుండా తాగడానికో, చేపలకో పనికొస్తుందని చెప్పకూడదు.

మధ్యేమార్గంగా బూడిద పేరు వినిపిస్తుంది. థర్మల్ కేంద్రాలు తమ బూడిదను పూర్తిగా వినియోగంలోకి తేవాలని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతూ, ఖాళీ గనులు నింపడాన్ని అనుమతించిన ఉపయోగాల్లో ఒకటిగా చేర్చింది. బూడిదలో ఆర్సెనిక్ వంటి మూలకాలు కొద్ది మోతాదుల్లో ఉంటాయి కాబట్టి, అడుగున భూగర్భ జలం కదిలే చోట ఇది కొత్త సమస్య తేవచ్చన్నది అభ్యంతరం. కలమల్ల బూడిదకు మాత్రం యర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాల రూపంలో దగ్గర దారి ఉంది.

ఓబీ గుట్ట మీద పచ్చదనం ఎలా నిలుస్తుంది

వదులు రాతి గుట్ట వానకు జారుతుంది. అందుకే దాన్ని మెట్లుగా కోసి, మొత్తం వాలు సుమారు 28 డిగ్రీలకు మించకుండా చూసి, పాదం దగ్గర రాతిగోడ, చుట్టూ నీటి కాలువ, ఆ కాలువ చివర బురద దిగిపోయే గుంట కడతారు. ఆ తరువాత గడ్డి, పప్పుజాతి మొక్కలు, చివరగా చెట్లు. చాలాచోట్ల ఈ వరుసను దాటవేసి నేరుగా నీలగిరి, సుబాబుల్ నాటారు. అవి త్వరగా ఎదిగి ఫొటోల్లో బాగుంటాయి గానీ, కింద గడ్డి లేకపోతే మట్టి కొట్టుకుపోవడం ఆగదు. తవ్వకం ముగిసిన లీజుదారులు ఆ నేలలో మేతకు, మొక్కలకు, జీవజాలానికి అనువుగా మళ్లీ గడ్డి పెంచాలన్న షరతును లీజుల్లో చేర్చాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించింది. చెట్ల లెక్క కన్నా గడ్డిని ముందు పెట్టిన ఆ ఆదేశం గొర్రెల మందలతో బతికే మన ప్రాంతానికి బాగా అర్థమవుతుంది.

బాగుపడిన నేల మీద హక్కు

బొగ్గు భూములను ఎక్కువగా 1957 నాటి బొగ్గు క్షేత్రాల సేకరణ చట్టం కింద తీసుకున్నారు. గని ముగిసినా ఆ భూమి పాత రైతుకు తిరిగి పోదు. ఆ భూములను మౌలిక వసతులకు, సౌర విద్యుత్తు వంటి అవసరాలకు లీజుకు ఇచ్చే విధానాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదించింది, యాజమాన్యం మాత్రం ప్రభుత్వ సంస్థలదే. ఖాళీగా ఆక్రమణల పాలయ్యే కన్నా ఇది నయమని సమర్థకులంటారు. ఒక అవసరానికని తీసుకున్న నేల ఆ అవసరం తీరాక ఊరి ఉమ్మడి ఆస్తి కావాలన్నది గ్రామాల వాదన. పరిహారం అందుకుని రెండు తరాలు గడిచిన చోట తిరిగి ఇవ్వడం ఎవరికన్న చిక్కు నిజమైనదే. కానీ కనీసం మేత హక్కునైనా ఊరికి ఇవ్వడానికి ఆ చిక్కు అడ్డు కాదు.

మన గుంతలను ఇదే కొలతతో చూస్తే

యర్రగుంట్ల, మైలవరం, బేతంచర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి చుట్టూ నాపబండల గనులు బొగ్గు గనులంత లోతైనవి కావు. ఆమ్లం భయం లేదు, సున్నపురాయి ఆమ్లాన్ని తానే అణచివేస్తుంది. ఇక్కడి సమస్య చిన్న చిన్న లీజులు ఒకదాని పక్కన ఒకటి చెల్లాచెదురుగా ఉండటం. ఒక్కొక్కరూ తమ ముక్కలో పనికిరాని రాయిని గట్టున పోస్తే, పోసిన దిబ్బ కిందనే మరొకరి బండ ఉంటుంది. పాలిష్ యూనిట్ల తెల్ల బురద దీనికి తోడు. ఈ బండలు చిన్న తరహా ఖనిజం కనుక రాష్ట్ర నియమాల పరిధిలోకి వస్తాయి. బొగ్గుకు ఉన్నటువంటి ఎస్క్రో ఏర్పాటు వీటికి వర్తించదు.

ఇక్కడి వాతావరణం వేరు కాబట్టి చెరువుగా వదిలే వాదనను కూడా వేరుగా తూచాలి. సీమలో పడే వాన కన్నా ఆవిరయ్యే నీరు చాలా ఎక్కువ. భూగర్భ జలంతో కలిసిన 2 హెక్టార్ల గుంతలో, వాన పోగా ఏటా అదనంగా 1 మీటరు నీరు ఆవిరవుతుందనుకుంటే 20,000 ఘనపు మీటర్లు, అంటే 2 కోట్ల లీటర్లు గాలిలో కలుస్తాయి. 5,000 లీటర్ల ట్రాక్టర్ ట్యాంకర్లు 4,000 నింపవచ్చు. అదే గుంత నీటిమట్టానికి పైన, వాగు నీటిని పట్టి నేలలోకి ఇంకించేలా ఉంటే చుట్టూ బోర్లకు మేలు చేస్తుంది. చూడ్డానికి రెండూ నీళ్లున్న గుంతలే. తేడా తెలియాలంటే గుంత మట్టాన్నీ పక్క బోరు మట్టాన్నీ వేసవిలోనూ వానాకాలంలోనూ కొలవాలి.

మంగంపేట స్థాయి వేరు. ప్రపంచంలోనే అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటైన ఈ ఓపెన్‌కాస్ట్ గని ఖనిజం చమురు బావుల తవ్వకానికి పోతుంది. ప్రధాన ఖనిజంగా మారడంతో దీనికి 2017 ఖనిజ పరిరక్షణ నియమాలు, భారతీయ గనుల బ్యూరో పర్యవేక్షణ వర్తిస్తాయి. ఆ నియమాల్లో మూసివేత ప్రణాళిక, దాని కోసం కట్టవలసిన ఆర్థిక హామీ రెండూ ఉన్నాయి. 2021 సవరణతో పెద్ద గనులకు ఈ హామీ హెక్టారుకు 5 లక్షలయింది. పొరుగు కొండలు ఎర్రచందనం సహజంగా పెరిగే నేల కనుక, అక్కడి గుట్టల మీద ఏమి నాటాలన్న ప్రశ్నకు ప్రకృతే కొంత జవాబు ఇచ్చింది.

తుమ్మలపల్లెలో మూసివేత అన్న మాటకే కాలమానం మారిపోతుంది. 2012లో ఆరంభమైన ఆ యురేనియం గని వ్యర్థాల చెరువు వల్ల బోరు నీరు చెడిందని చుట్టుపక్కల రైతులు చెబుతున్నారు, గనిని నడిపే సంస్థ దాన్ని కాదంటోంది. ఆ వివాదం ఎటు తేలినా శాస్త్రం చెప్పే ఒక విషయం మారదు. రాతి నుంచి యురేనియం తీసేసినా, దాని వెంట ఉండే థోరియం, రేడియం వ్యర్థంలోనే ఉండిపోతాయి. రేడియం సగానికి తగ్గడానికి సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. ఆ చెరువు కట్ట, దాని మీద కప్పే మట్టి, పక్కన కొలిచే బావి అంతకాలం ఎవరో ఒకరి బాధ్యతలో ఉండాలి. కలమల్ల రాతి మీద మొదటి తెలుగు మాట చెక్కి ఇప్పటికి సుమారు 1,450 ఏళ్లు.